మందు వేయని వరస

"ఒక్క మాట చెప్పన్నా. నీకు తగ్గిందా, లేదా?"

మా పామాయిల్ తోటలో పంపుసెట్టు గది ముందు, సిమెంటు తొట్టి గట్టు మీద కూర్చుని ఆ మనిషి నన్ను అడిగాడు. ఆయన గెలలు తూకం వేసే కాటా దగ్గర పనిచేస్తాడు. ముప్పై దాటి ఉంటాయి. మా ట్రాక్టరు కాటా ఎక్కిన ప్రతిసారీ నవ్వుతూ పలకరించే మనిషి, ఆ రోజు తలెత్తి నా మొహం చూడలేకపోతున్నాడు. పక్కనే మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావకు అశ్వారావుపేటలో మందుల దుకాణం ఉంది. ఆ మనిషిని నా దగ్గరికి తీసుకొచ్చిందీ ఆయనే.

డొంకతిరుగుడు నాకు చేతకాదు కాబట్టి సంగతి చెప్పేస్తాను. మగవాడి అంగం వంకర పోయే జబ్బు ఒకటుంది. అది నాకు వచ్చింది. ఆ మనిషికీ వచ్చింది, నాకంటే బాగా ఎక్కువగా. ఖమ్మంలో డాక్టరు ఆయనను చూసి, జబ్బు ముదిరి ఏడాది దాటింది, ఇంత వంకర ఆపరేషన్‌తో తప్ప సరికాదని చెప్పాడు. బావ మాత్రం కత్తి అక్కర్లేదు, మాత్రలు చాలు, కావాలంటే మా బావనే అడుగు అని నన్ను చూపించాడు. నేను "తగ్గింది" అంటే ఆ మనిషి ఆపరేషన్ మానుకుని మాత్రలు కట్టించుకుని పోతాడు. ఆయన భార్య అప్పటికే దుమ్ముగూడెంలో పుట్టింట్లో ఉంది. క్రిస్మస్ దాకా చూసి, అప్పటికీ కాపురం సరిపడకపోతే పెద్దమనుషుల్లో కూర్చుని తెంచుకుంటామని వాళ్ళవాళ్ళు కబురు పెట్టారు. క్రిస్మస్ ఎంతో దూరం లేదు.

ఇంకొకరి కాపురం నా నోటి మీదికి వచ్చి కూర్చుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. "ఆదివారం చర్చి అయ్యాక రా తమ్ముడూ, అప్పుడు చెప్తాను" అన్నాను. బావ మొహం మాడ్చుకున్నాడు. "గిందులో ఆలోచించేదేముంది బావా? దుకాణంల అందరి ముందటా తగ్గిందని నువ్వే అంటివి గద" అన్నాడు. అన్న మాట నిజమే. అందుకే నాకు నాలుగు రోజులు కావాల్సి వచ్చింది.

నా సంగతి మొదలైంది ఆ ఏడు ఎండల్లోనే. ముందు నొప్పి వచ్చింది. తర్వాత ఒక పక్కన చర్మం కింద చింతగింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. ఆ తర్వాత వంకర. చింతగింజ తగిలిన రోజున నాకు కేన్సరు భయం పట్టుకుంది. మా చిన్నాన్న కేన్సరుతో పోయాడు, ఆయనకీ ఇలాగే చిన్న గడ్డతోనే మొదలైంది. ఎవరికి చెప్పుకోను? మా ఇళ్ళల్లో మగవాళ్ళు షుగరు గురించి పెళ్ళి భోజనాల్లో కూడా గంటలు గంటలు మాట్లాడుకుంటారు. నడుం కింద జబ్బు వస్తే మాత్రం నోరు పెగలదు.

నేను చేసిన మొదటి పని మంచం తీసుకుని పంపుసెట్టు గదికి పోవడం. ఆ ఏడు మా వైపు మోటారు వైర్లు కోసుకుపోయే దొంగలు ఎక్కువయ్యారు, సాకు వెతుక్కోనక్కర లేకపోయింది. వైరు కాపలా అన్నాను. మా ఆవిడది తిరుమలాయపాలెం వైపు. మాట దాచుకునే మనిషి కాదు. కానీ ఆమె కూడా కొన్ని వారాలు ఏమీ అనలేదు. టిఫిను గిన్నె తొట్టి గట్టు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. నాకు ఆ మౌనమే హాయిగా ఉండేది, ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి.

ఒకరోజు పొద్దున్నే గిన్నె పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"గర్భసంచి తీయించుకున్నందుకేనా?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అంతకు ఏడాది కింద ఆమెకు ఆ ఆపరేషన్ అయింది. మా చుట్టుపక్కల ఆ ఆపరేషన్ కాని ఆడవాళ్ళు తక్కువ. "నేను ఆడదాన్ని కాదనుకుంటున్నవా? గట్లయితే చెప్పు. వైరు గియిరు అని చెప్పకు" అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే, మోటారు చప్పుడులో, అన్నీ చెప్పేశాను. చింతగింజ సంగతి, వంకర సంగతి, చిన్నాన్న సంగతి. ఆమె విని తొట్టి గట్టు మీద కూలబడి, ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. నవ్వుతూ నా వీపు మీద ఒక దెబ్బ వేసింది. "నేను ఎవతెనో మరిగినవనుకున్న" అంది. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ ఇష్టం. మంచం ఆ రోజే మళ్ళీ ఇంట్లోకి చేరింది.

ఆ సాయంత్రమే బావకు చెప్పింది. బావామరుదుల మధ్య వేళాకోళం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? "ఏంది బావా, కొడవలి తయారైందంట?" అంటూ దుకాణంలోకి ఆహ్వానించాడు. నేను బూతు ఒకటి తిట్టాను. కానీ మనిషి మంచివాడు. నవ్వు అయిపోగానే బల్ల కింద నుంచి డబ్బాలు తీసి వరసగా పెట్టాడు. ఒకటి విటమిన్ ఇ, మెత్తటి పచ్చ గొట్టాలు. ఒకటి రక్తం బాగా పారడానికట. ఒకటి కండరాలకు శక్తినిచ్చేదట. ఇంకొకటి వేర్లూ ఆకులూ దంచి చేసినది, డబ్బా మీద గుర్రం బొమ్మ ఉంది. పైసా తీసుకోలేదు. "ఇవన్నీ బలం మందులే. మంచి జరిగితే జరుగుతది, చెడైతే చేయవు" అన్నాడు. అందరూ అనే మాటే అది.

చింతగింజ భయం పోవాలంటే డాక్టరు చూడాల్సిందేనని మా ఆవిడ పట్టుబట్టింది. ఖమ్మం వెళ్ళాం. డాక్టరు నా వయసువాడే, మొహమాటం లేని మనిషి. చేత్తో పట్టి చూసి, స్కాను చూసి, "కేన్సర్ కాదు" అన్నాడు. ఆ ఒక్క మాటకే మా ఆవిడ చేతులెత్తి దండం పెట్టింది. ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు. లోపల సాగే పొర ఒకటి ఉంటుందట. దానికి ఎప్పుడో తెలియకుండా దెబ్బ తగిలి, మానేటప్పుడు అక్కడ మచ్చ గట్టిపడుతుందట. మచ్చ ఉన్న వైపు సాగదు, అందుకని అటే వంగుతుంది.

"నొప్పి మొదటి నెలల్లో ఉంటుంది. చాలామందికి దానంతట అదే పోతుంది. వంకర వేరే సంగతి. కొద్దిమందికే తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది, మిగతావాళ్ళకు ఉన్నది ఉన్నట్టు నిలిచిపోతుంది" అన్నాడు.

నేను సంచిలోంచి బావ డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కోటి తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"వీటిని మేమూ ఒకప్పుడు రాసినవాళ్ళమే. తర్వాత సరిగ్గా పరీక్ష పెట్టి చూశారు. కొంతమందికి అసలు మాత్రలు, కొంతమందికి అచ్చం అలాగే కనపడే, మందు లేని ఉత్త మాత్రలు. ఎవరికి ఏవి ఇచ్చారో మింగేవాళ్ళకూ తెలియదు, ఇచ్చేవాళ్ళకూ తెలియదు. చివర్లో చూస్తే వంకరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పనిచేసిందని చెప్పే పరీక్షలు అక్కడక్కడా ఉన్నాయి. చాలావాటిలో పోల్చడానికి ఉత్త మాత్రల వాళ్ళే లేరు. ఇప్పుడు వీటిని రాయొద్దనే మాకు చెప్తున్నారు."

"చెడైతే చేయవు కదా సార్?" అన్నాను, బావ మాటే అప్పజెప్తూ.

"పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా?"

వస్తోంది. నేను పేస్టును తిట్టుకుంటున్నాను. గుండె కోసం రోజూ రక్తం పలచన చేసే మాత్ర ఒకటి వేసుకుంటాను. దాని మీద ఇంత మోతాదు విటమిన్ ఇ పడితే రక్తం కారే ప్రమాదం పెరుగుతుందని, అది ఆ రోజే ఆపెయ్యమని చెప్పాడు. బలం మందు కదా అని మింగినదానికి కూడా రెండో మొహం ఉందని నాకు అప్పుడు తెలిసింది.

చివర్లో ఆయన అడిగినది వింటే మీరు నవ్వుతారు. గట్టిపడ్డప్పుడు ఇంట్లో ఫోటో తీసి తెమ్మన్నాడు, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. వంకర ఎంతుందో కొలవడానికి. ఆ ఫోటో మా ఆవిడే తీసింది, కూలీలు అన్నాలకు పోయిన మధ్యాహ్నం పూట. "కదలకు, ఆధార్‌కు దిగినట్టు నిలబడు" అంటూ ఆమె నవ్వుతుంటే, ఇంక గట్టిపడేదెక్కడ? రెండు రోజులు పట్టింది పని పూర్తి కావడానికి. డాక్టరు ఫోటో చూసి, ఈ మాత్రానికి కాపురానికి అడ్డు లేకపోతే ఏ వైద్యమూ అక్కర్లేదు, ఆరు నెలలకు మళ్ళీ వచ్చి చూపించుకో అన్నాడు.

విటమిన్ ఇ ఆపేశాను. మిగతా డబ్బాలు ఆపలేదు. ఎందుకంటే అవి ఊరికే వచ్చాయి, పైగా బావ రోజూ ఫోన్ చేసి అడుగుతాడు. వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి, ఒకరోజు గమనిస్తే నొప్పి లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. నొప్పి పోయిన మనిషికి ప్రపంచమంతా తిన్నగా కనపడుతుంది. వంకర కూడా తగ్గినట్టే అనిపించింది నాకు. బావ దుకాణానికి పోయి, మిరపకాయ రైతులు నలుగురు నిలబడి ఉండగా, "తగ్గింది బావా!" అని అరిచాను. ఏం తగ్గిందో వాళ్ళకు తెలియదు కానీ వాళ్ళూ సంతోషించారు. బావ ఆ మాటను జేబులో వేసుకున్నాడు. ఆ మాట నడుచుకుంటూ కాటా మనిషి దాకా పోయింది.

ఇప్పుడు నా తోట సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా బుర్ర పనిచేసేది అక్కడే.

మా నాన్న కృష్ణా వైపు నుంచి ఇక్కడికి వచ్చి అడవి అంచున భూమి కొన్నాడు. ఏ కొత్త మందు తెచ్చినా ఒక వరస వదిలేసేవాడు. పొగాకైనా, మిరపైనా, తర్వాత పామాయిలైనా, చేనంతా వేసి ఒక వరసకు వేసేవాడు కాదు. "అది మనకు నిజం చెప్తుందిరా" అనేవాడు. ఊళ్ళో వాళ్ళు పిసినారి అనుకునేవారు. నేనూ అదే అలవాటు పట్టాను. ఒక ఏడు ఎండలకు తోట వాడిపోయినప్పుడు, కంపెనీ మనిషి మోటారు సైకిలు మీద వచ్చి ఒక టానిక్ అంటగట్టాడు. మొదళ్ళలో పోయించాను, కాలవ పక్క వరస వదిలేశాను. కొన్నాళ్ళకు తొలకరి పడింది. తోటంతా నిగనిగలాడింది. కాలవ పక్క వరస కూడా అంతే నిగనిగలాడింది. కంచె అవతల రైతు మాత్రం వరస వదల్లేదు, తోటంతా పోశాడు. ఆయన ఇప్పటికీ ప్రతి ఎండాకాలం అదే టానిక్ కొంటాడు, కొనకపోతే తోట పోతుందని ఒట్టేసి చెప్తాడు. ఆయనది అబద్ధం కాదు. ఆయన కళ్ళతో చూసినదే చెప్తున్నాడు. వానను ఎవరూ డబ్బాలో పోసి అమ్మరు కాబట్టి దానికి పేరు రాలేదు.

మా పామాయిల్ రైతులందరం చేసే పొరపాటు ఇంకోటి ఉంది. ఈ నెల ఎరువు వేస్తాం, వచ్చే నెల గెలలు బాగా దిగుతాయి, ఆహా ఎరువు అనుకుంటాం. ఈ నెల కోసిన గెల సంగతి రెండేళ్ళ కిందటే చెట్టు నడినెత్తిన మొవ్వులో తేలిపోయి ఉంటుంది. నిన్న వేసిన గుప్పెడు ఎరువుకు దానితో పనే లేదు. కాటా దగ్గర చీటీ చూసుకుని మురిసిపోయేటప్పుడు ఇది ఎవరికీ గుర్తుండదు.

ఆ నాలుగు రోజులూ తోటలో తిరుగుతూ నేను ఆలోచించింది ఇదే. నా నొప్పి పోతుందని డాక్టరు ముందే చెప్పాడు, మాత్రలతో పని లేకుండా. అది పోయింది. మధ్యలో గుర్రం బొమ్మ డబ్బా ఎక్కడి నుంచి వచ్చింది? తొలకరి వచ్చే ముందు టానిక్ పోసినట్టు, నొప్పి పోయే కాలంలో నేను మాత్రలు మింగాను. నాకు ఒళ్ళు మండింది. చేలో పిసరంత టానిక్‌కు కూడా వరస వదిలే మనిషిని, నా ఒంటి దగ్గరకు వచ్చేసరికి కంచె అవతల రైతునైపోయాను. అయినా ఏం చేయను? నా ఒంట్లో వదలడానికి రెండో వరస లేదు. ఉన్నది ఒక్కటే చెట్టు. ఆ వరస నాకోసం ఎక్కడో ఎవరో వదిలారు. ముక్కూమొహం తెలియని మనుషులు, నాలాగే సిగ్గుపడుతూ వచ్చి, ఉత్త మాత్రలు మింగి, వంకర కొలిపించుకుని పోయారు. వాళ్ళ మాట వినకుండా బావ మాట వింటే వాళ్ళ కష్టం నీళ్ళపాలే.

బావ మాటల్లోనూ న్యాయం లేకపోలేదు. శుక్రవారం ఫోన్ చేశాడు. "నువ్వొక్కనివే కాదు బావా, ఇంకా ముగ్గురు నలుగురు తగ్గిందని వచ్చి చెప్పిన్రు" అన్నాడు.

"తగ్గనివాళ్ళు నీకు వచ్చి చెప్తారా బావా? వాళ్ళు ఇంకో దుకాణానికి పోతారు" అన్నాను.

"గట్లంటే ఏ మందూ అమ్మలేం" అన్నాడు.

"రుజువు ఉన్నది అమ్ము. నేనే ముందు కొంటాను."

అది ఊరికే అన్న మాట కాదు. మా తోటలో ఒకసారి కొత్త ఆకులు కొసన కొక్కెంలా వంకర తిరిగి వచ్చాయి. అది బోరాన్ లోపం, బోరాక్స్ వేయమన్నారు. ఒక వరస వదిలి వేశాను. వేసిన వరసల్లో తర్వాత వచ్చిన ఆకులు తిన్నగా వచ్చాయి, వదిలిన వరసలో వంకరగానే వచ్చాయి. ఆ రోజు నుంచి బోరాక్స్ నా తోటలో మానలేదు, వదిలిన వరసకూ వేశాను. అయితే ఒక సంగతి. వంకరగా బయటికి వచ్చేసిన ఆకు మాత్రం ఎంత బోరాక్స్ వేసినా తిన్నగా కాలేదు. ఎండి, రాలిపోయేదాకా అలాగే ఉంది. మానిపోయి గట్టిపడ్డ మచ్చ గురించి డాక్టరు చెప్పింది నాకు ఆ ఆకు దగ్గరే బాగా అర్థమైంది.

ఇంక మిగిలింది ఒక్క అనుమానం. నా వంకర నిజంగా తగ్గిందా? తగ్గితే నాదీ ఒక సాక్ష్యమే కదా, చిన్నదైనా. శనివారం మధ్యాహ్నం మా ఆవిడను అడిగాను. ఆమె బియ్యం చేటలో పోసుకుని ఏరుతోంది. తల ఎత్తకుండానే, "నువ్వేమనుకుంటున్నవు?" అంది.

"తగ్గిందనే."

"ఫోటో దిగుదాం పా" అంది.

ఈసారి రెండు రోజులు పట్టలేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, చీపురుపుల్ల ఒకటి విరిచి ఫోను అద్దం మీద ఆనించి చూశాను. ఇటు తిప్పి చూశాను, అటు తిప్పి చూశాను. ఉన్నది ఉన్నట్టే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలువకపోవుడేంది? రోజూ చూసేది నేనే గదా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు తగ్గిందని మస్తు ఖుషీగున్నవు. ఉండనీ అనుకున్న. నాకు దాంతోని పనేముంది, నువ్వు మంచిగుంటే చాలు" అంది. ఆమె మీద నాకు కలిగిన ప్రేమను ఇక్కడ రాయడానికి సిగ్గెందుకు? పెళ్ళయిన కొత్తలో కూడా అంత కలగలేదు.

ఆదివారం ఆ మనిషి చర్చి నుంచి నేరుగా వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు సంచి. బావ కూడా వచ్చాడు. నేను పంపుసెట్టు దగ్గరికి తీసుకుపోలేదు, ఇంటి వరండాలోనే కూర్చోబెట్టాను. మా ఆవిడ టీ తెచ్చి, పోకుండా గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెను చూసి ఆయన తల దించుకున్నాడు.

"తమ్ముడూ, నాకు నొప్పి పోయింది. అది మాత్రల వల్ల కాదు, పోయే నొప్పే. వంకర మాత్రం పోలేదు. నిన్న కొలిచి చూశాను. మాత్రలకు ముందు ఎంతుందో ఇప్పుడూ అంతే" అన్నాను.

బావ లేచి నిలబడ్డాడు. "మరి దుకాణంల ఎందుకట్లంటివి?"

"నొప్పి పోయిన సంబరంలో అన్నాను బావా. నువ్వు నా మీద ప్రేమతోనే ఇచ్చావు, నాకు తెలుసు. కానీ ఇతనికి నాలాగా కాదు. నాది పని జరిగే వంకర. ఇతనిది జరగనిది. మచ్చ గట్టిపడిపోయి ఏడాది దాటింది. నీ డబ్బాలు ఇంకో ఏడాది మింగిస్తే ఆ వంకర పోదు, ఇతని కాపురం పోతుంది."

ఆ మనిషి టీ గ్లాసు కింద పెట్టాడు. కాసేపటికి చిన్నగా నవ్వి అన్నాడు. "మా చర్చిల తగ్గినోళ్ళే లేచి సాక్ష్యం చెప్తరన్నా. నేను గూడ ఒకపారి మోకాలు నొప్పి గురించి లేచి చెప్పిన. తగ్గనోళ్ళను ఎవరూ లేవమనరు. కూసోనే ఉంటరు. గా సంగతి ఇయ్యాల గుర్తొచ్చింది."

బావ మళ్ళీ కూర్చున్నాడు.

"ఆపరేషనంటే భయమైతంది. పొట్టిగైతదంటన్నా" అన్నాడు ఆ మనిషి.

"కొంచెం కావచ్చని డాక్టరు నాకూ చెప్పాడు. దాచలేదు కదా? ఆపరేషన్ ఎలాంటిది, ఏం పోతుంది, ఏం వస్తుంది, అన్నీ ఆయన్నే కూర్చోబెట్టి అడుగు. మంచీ చెడూ రెండూ చెప్పేవాడి దగ్గర భయపడినా ఫరవాలేదు. ఉత్త మంచే చెప్పే డబ్బా దగ్గర భయపడాలి."

అప్పుడు మా ఆవిడ గుమ్మం వదిలి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నీ పెండ్లానికి ఈ జబ్బు సంగతి చెప్పినవా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరి ఆమె ఏమనుకుంటుంది?"

"ముందటేడు కడుపు పోయిందక్కా ఆమెకు" అన్నాడు. "అప్పటిసంది నాకు ఆమె మీద మనసు పోయిందనుకుంటుంది. నేను రాత్రి డ్యూటీ అని చెప్పి కాటా కాడనే పండుకుంటున్న."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. నాకు మోటారు చప్పుడు, తొట్టి గట్టు మీద టిఫిను గిన్నె గుర్తొచ్చాయి.

"ఫోన్ జెయ్యి. ఇప్పుడే. డాక్టరు సంగతి తర్వాత. ముందు, తన తప్పేం లేదని ఆమెకు చెప్పు" అంది మా ఆవిడ.

ఆయన ఫోను తీసుకుని తోటలోకి నడిచాడు. వరసల మధ్య అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడడం వరండాలోకి కనపడుతోంది, మాటలు వినపడడం లేదు. ఒకచోట ఆగి, మట్టను పట్టుకుని వంగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. బావ లేచి అటు పోబోతే మా ఆవిడ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

బావ నెల రోజులు మా ఇంటికి రాలేదు. తర్వాత నాటుకోడి కూర వాసన తగిలిందో ఏమో, ఒకరోజు మామూలుగా వచ్చి తిన్నాడు. గుర్రం బొమ్మ డబ్బా ఇప్పటికీ అమ్ముతాడు. అయితే ఇలాంటి బాధతో ఎవరైనా వస్తే, "ముందుగాల ఖమ్మం దవాఖానా పో" అంటున్నాడని విన్నాను. రక్తం పలచన చేసే మాత్ర వేసుకుంటావా అని కూడా అడుగుతున్నాడట. ఆ సంగతి విని నాకు కాలర్ ఎగరేయాలనిపించింది.

క్రిస్మస్ దాటిన తర్వాత, నన్ను మళ్ళీ చూపించుకోవడానికి ఖమ్మం పోయాం. డాక్టరు గది ముందు బెంచీ మీద కాటా మనిషి కూర్చుని ఉన్నాడు, పక్కన ఆయన భార్య. సన్నటి మనిషి, తలకు కొంగు, ఒళ్ళో రిపోర్టుల కవరు. ఆపరేషన్ తేదీ తీసుకోవడానికి వచ్చారట. పెద్దమనుషుల్లో కూర్చోవడం జరగలేదు. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఈసారి నా మొహం చూస్తూనే. మేమిద్దరం గెలల రేటు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం, మగవాళ్ళం ఇంకేం మాట్లాడుకుంటాం?

నా వెనక ఆ అమ్మాయి మా ఆవిడ పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడగడం వినపడింది. "అక్కా, మీ ఆయనకు ఏ మందు వాడకుండనే తగ్గిందా?"

"వంకర గట్లనే ఉంది చెల్లె" అంది మా ఆవిడ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "మనిషైతే ఇంట్లకొచ్చిండు."